వెనకంతా నీదే

కెటిల్ మూతిలోంచి ఆవిరి బుసబుసా పైకి లేస్తోంది. పిచ్చుక షటిళ్ళ డబ్బాకి రెండు వైపులా మూతలు తీసి, దాన్ని ఆ ఆవిరి మీద నిలువుగా పట్టుకుంది. ఆవిరి అడుగు నుంచి దూరి, ఈకల మధ్యగా పాకి, పైనుంచి ఆమె ముక్కుకి తగిలింది. తడిసిన బాతు వాసన.

ఈకలకి కాస్త తేమ పడితే రేపు కొట్టినప్పుడు పుటుక్కున విరగవు. ఎక్కువ పడితే బరువెక్కి, ఎగరడానికి బద్ధకిస్తాయి. ఊపిరి బిగబట్టి వదిలేంత సేపు చాలు. ఈ పని ఆమె రోజూ సాయంత్రం చేస్తుంది, ఇదే వంటింట్లో, ఇదే కెటిల్ మీద.

వంటిల్లు మాత్రం ఆమెది కాదు. డబుల్స్‌లో ఆమెకి జోడీ అయిన నిచ్చెన వాళ్ళది. బ్యాడ్మింటన్ అకాడమీలో చేరిన కొత్తలో హాస్టల్లో చోటు దొరక్క పిచ్చుక బ్యాగు మీద కూర్చుని దిక్కులు చూస్తుంటే, "మా ఇంట్లో ఒక మంచం ఖాళీగా ఉంది, రా" అని నిచ్చెన చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది. అప్పటి నుంచీ ఇక్కడే.

ఆ పేర్లు కోచ్ మేడం పెట్టినవి. వల దగ్గర అటూ ఇటూ ఎగురుతూ ఉంటుందని ఈమె పిచ్చుక. వెనక నిలబడి చెయ్యెత్తితే పైకప్పుకున్న దీపాలు మార్చేలా ఉంటుందని ఆమె నిచ్చెన. స్కోరు బోర్డు మీద తప్ప అసలు పేర్లు ఇంకెక్కడా బతికి లేవు.

"చెయ్యి కాలుతుంది, గుడ్డ పట్టుకో."

వెనక్కి తిరగకుండానే పిచ్చుకకి తెలిసిపోయింది. ఆ అడుగులు అలాంటివి. గడప దాటినా, మెట్లెక్కినా ధప్పు ధప్పుమంటాయి. నిచ్చెన అన్నయ్య. పగలు స్కూల్లో పిల్లలకి లెక్కలు చెప్తాడు. తెల్లవారుజామున అకాడమీకి వచ్చి అమ్మాయిలకి ఎదురు ఆడిపెడతాడు. అందుకని హాలంతా అతన్ని మాస్టారూ అంటుంది.

"మీ తల తుడుచుకోండి ముందు. నా షటిళ్ళ మీద కారుతోంది."

"తేమ పెడుతున్నావు కదా, సాయం చేస్తున్నాను."

"ఇది ఆవిరి మాస్టారూ. అది వాననీళ్ళు. ఈ తేడా కూడా తెలీకుండా పిల్లలకి ఏం చెప్తున్నారో!"

"నేను చెప్పేది లెక్కలు. సైన్సు సారుని అడుగు." తువ్వాలు తల మీద వేసుకుని, గొంతు తగ్గించాడు. "సరేగానీ, నేనడిగిన దానికి జవాబు?"

పిచ్చుక డబ్బాకి మూత బిగించింది. తీసింది. మళ్ళీ బిగించింది.

అతను అడిగింది పోయిన వారం. హాలు మెట్ల మీద ఇద్దరూ వాన తగ్గడం కోసం నిలబడ్డారు. గొడుగు ఒకటే. దాన్ని తెరవకుండా చేతిలో తిప్పుతూ, "నువ్వంటే నాకు ఇష్టం. పెద్ద పెద్ద మాటలు నాకు రావు. ఆలోచించుకుని చెప్పు" అన్నాడు. దానికి ఆమె, "వాన తగ్గింది" అంది. తగ్గలేదు. ఇద్దరూ ముద్దయిపోతూ ఇంటిదాకా నడిచారు. గొడుగు మాత్రం మూసే ఉంది.

"షటిళ్ళు ఆరేటప్పుడు మాట్లాడకూడదు" అంది పిచ్చుక.

"ఈ రూలు ఎప్పుడొచ్చింది?"

"ఇప్పుడే."

అతను నవ్వాడు. నవ్వితే ఎడమ బుగ్గ మాత్రమే లోపలికి పోతుంది. అది చూడకూడదనుకుని పిచ్చుక కెటిల్ వైపు చూసింది.

ఇష్టం లేక కాదు. ఇష్టం ఎప్పుడో గొంతుదాకా వచ్చి కూర్చుంది. భయమల్లా జోడీ గురించి. డబుల్స్ జోడీ కుదరడమంటే మాటలు కాదు. ఒకరి తప్పు ఇంకొకరు మొయ్యాలి, ఒకరి కోపం ఇంకొకరు మింగాలి. నిచ్చెనతో అది కుదిరింది. రేపు మాస్టారికీ తనకీ ఏదైనా తేడా వస్తే? నిచ్చెన ఎవరి పక్కన నిలబడుతుంది? అన్నయ్య రక్తం. తను మంచం ఖాళీగా ఉంటే వచ్చిన పిల్ల. ఒక్క మాట అటూ ఇటూ అయితే ఇల్లూ పోతుంది, ఆటా పోతుంది.

"కెటిల్ నాకెప్పుడు ఇస్తావే? టీ పెట్టుకోవాలా వద్దా?" అంటూ నిచ్చెన వాళ్ళమ్మ వచ్చింది. కొడుకు రెండడుగుల్లో వంటిల్లు దాటేశాడు.

"అయిపోయిందండీ."

వాళ్ళమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "అదే అడుగుదామనుకుంటున్నా. వచ్చిన రోజు నుంచీ నోరారా పిన్నీ పిన్నీ అనేదానివి. ఈమధ్య ఏవండీ, ఇదిగోండీ. నేనేమన్నా బస్ కండక్టర్నా?"

పిన్ని అంటే పిన్ని కొడుకు వరసకి ఏమవుతాడు? ఆ లెక్క ఏ మాస్టారూ చెప్పనక్కర్లేదు. అందుకే ఆ పిలుపు నాలిక మీద ఆగిపోతోంది.

"గొంతు బాగాలేదండీ" అంది.

"గొంతుకా, ఇంక దేనికన్నానా?" అని వాళ్ళమ్మ కెటిల్ లాక్కుంది.

*

నిచ్చెన మోకాలు బెణికి మంచానికి అంటుకుపోయిన ఆ నెలల్లోనే ఇదంతా మొదలైంది. వేరే జోడీ వద్దన్న పిచ్చుకకి లయ పోకూడదని కోచ్ మేడం మాస్టారిని ఆమె వెనక నిలబెట్టింది.

సర్వీస్ చేసేముందు పిచ్చుక ఎడమచేతిని వీపు వెనక పెట్టి సైగ చేస్తుంది. ఒక వేలు చూపిస్తే చిన్న సర్వీస్. పిడికిలి అయితే ఎత్తు సర్వీస్. అరచెయ్యి మొత్తం విప్పితే, నేను వల వదిలి రాను, వెనకంతా నీదే అని. చూశాను అనడానికి మాస్టారు ఉన్నచోటే ఒక గెంతు గెంతేవాడు. ధప్‌మని. ఆ చప్పుడు కాళ్ళ కింది చెక్కలోంచి ఆమె పాదాల్లోకి వచ్చేది. ఇంక వెనక సంగతి మరిచిపోయేది. అలా నెలల తరబడి అతని మొహం చూడకుండానే అతన్ని నమ్మడం అలవాటైపోయింది. మొహం చూసినప్పుడు గుండె దడదడలాడటం తర్వాతి సంగతి.

ఇప్పుడు నిచ్చెన తిరిగొచ్చింది. మోకాలికి పట్టీ వేసుకుని, మునుపటిలాగే పిల్లిలా మెత్తగా కదులుతోంది. విదేశీ పోటీల టూర్‌కి ఒక్క జోడీనే పంపుతారు. ఇవతల వీళ్ళు, అవతల ఒకేలా జుట్టు కత్తిరించుకుని తిరిగే ఇద్దరు అమ్మాయిలు. వాళ్ళని అందరూ కవలలు అంటారు, చుట్టరికం ఏమీ లేకపోయినా. రేపే సెలెక్షన్ మ్యాచ్. నిన్న ఆవిరి పట్టిన షటిళ్ళతో ఇవాళ ఆ కవలలతోనే ప్రాక్టీస్.

మొదటి నుంచీ పిచ్చుక ఆట తన చేతిలో లేదు. తను అందుకోవాల్సిన షటిళ్ళు వదిలేస్తోంది. వదలకూడనివి వదిలేసి, వదలాల్సిన వాటికి ఎగబడుతోంది. అరచెయ్యి విప్పి చూపించింది. వెనక నుంచి ఏ చప్పుడూ రాలేదు.

షటిల్ ఆమె తల మీదుగా పైకి లేచింది. వెనక ఎవరైనా ఉన్నారా? అడుగుల అలికిడి లేదు. మెడ దానంతటదే తిరిగింది.

నిచ్చెన సరిగ్గా అప్పుడే చెయ్యి సాచి స్మాష్ కొట్టింది. అది తిన్నగా వచ్చి పిచ్చుక ఎడమ చెంప మీద, కంటికి కాస్త కింద, ఫెడీమని తగిలింది.

"పిచ్చుకా!" నిచ్చెన రాకెట్ విసిరేసి పరిగెత్తుకొచ్చింది. "కన్ను తెరువు. తెరవ్వే! నా వేళ్ళు కనిపిస్తున్నాయా?"

"కనిపిస్తున్నాయి. ముక్కులో పెట్టకు."

కన్ను బాగానే ఉందని తెలిశాక నిచ్చెన మొహంలో భయం పోయి, ఇంకేదో వచ్చింది.

"ముందున్నవాళ్ళు వెనక్కి చూడకూడదని ఎన్నిసార్లు చెప్పించుకున్నాం మనం? ఎందుకు చూశావు?"

పిచ్చుక చెంప రుద్దుకుంది.

"నేను చెప్పనా? నా మోకాలు ఎప్పుడు జారిపోతుందోనని చూశావు. పొద్దుట్నుంచీ గమనిస్తున్నా. నావి నాకు వదలట్లేదు, నీవి నువ్వు కొట్టట్లేదు." మోకాలి పట్టీ చూపించింది. "డాక్టర్ నమ్మాడు, మేడం నమ్మింది, నువ్వు నమ్మలేదు."

"అది కాదే..."

"మరేంటి?"

కోర్టు పక్కన మాస్టారు ఐస్ ముక్కలున్న సంచి పట్టుకుని నిలబడి ఉన్నాడు. అతని ఎదురుగా ఏం చెప్పాలి? పిచ్చుక తల దించుకుంది. నిచ్చెన బ్యాగు భుజాన వేసుకుని వెళ్ళిపోయింది.

కోచ్ మేడం దగ్గరకొచ్చి ఆమె గడ్డం పట్టుకుని వాపు చూసింది. "రేపు కూడా ఇలాగే ఆడితే కవలలు ఫ్లైట్ ఎక్కుతారు. మీ ఇద్దర్నీ విడగొట్టి వేరే జోడీలు కడతాను. మీ మధ్య ఏముందో నాకక్కర్లేదు. ఇవాళే తేల్చుకోండి."

అందరూ వెళ్ళాక మాస్టారు ఐస్ సంచి చెంపకి ఆనించబోయాడు. పిచ్చుక దాన్ని లాక్కుని తనే పెట్టుకుంది.

"నొప్పిగా ఉందా?"

"మీరు కొంచెం దూరంగా ఉంటారా?"

అతను బుద్ధిగా ఒక గజం దూరం జరిగాడు. "చాలా, గోడదాకా వెళ్ళనా?"

ఏడుపు వస్తున్నా నవ్వొచ్చింది ఆమెకి. చెంప చురుక్కుమంది. "నవ్వించకండి. నొప్పి."

"విను. నా ప్రశ్న సంగతి మర్చిపో. ఇప్పుడే జవాబు రాయాలని రూలేం లేదు. ముందు మా చెల్లి సంగతి చూడు. నేనెక్కడికీ పోను." తువ్వాలు ఆమె పక్కన పెట్టి, ధప్పు ధప్పుమంటూ మెట్లు దిగి వెళ్ళిపోయాడు. ఆ చప్పుడు పూర్తిగా ఆగిపోయేదాకా పిచ్చుక వింటూ కూర్చుంది.

అప్పుడు అర్థమైంది ఆమెకి. చెప్పకుండా దాచితే జోడీ నిలుస్తుందనుకుంది. దాచడం వల్లే విడిపోయేలా ఉంది.

*

గదిలో నిచ్చెన గోడవైపు తిరిగి పడుకుని ఉంది. అంత పొడవు మనిషి కాళ్ళు మంచం చివర దాటి గాల్లో వేళ్ళాడుతున్నాయి.

"నీ మోకాలి కోసం చూడలేదు" అంది పిచ్చుక, గుమ్మంలోంచే.

నిచ్చెన దుప్పటి తల మీదికి లాక్కుంది.

"చప్పుడు కోసం చూశాను."

కాళ్ళు కదిలాయి. "ఏం చప్పుడు?"

"అడుగుల చప్పుడు. ఇన్ని నెలలూ మీ అన్నయ్య వెనక ఉన్నారు కదా. సైగ చేస్తే గెంతేవారు. అది వినపడితే వెనక మనిషి ఉన్నట్టు. నువ్వేమో పిల్లిలా నడుస్తావు. ఇవాళ ఏమీ వినపడక, వెనకంతా ఖాళీ అయిపోయినట్టనిపించింది. మెడ తిరిగిపోయింది. అంతే."

నిచ్చెన లేచి కూర్చుంది. "వాడు ఏనుగులా గెంతుతాడని నాకూ తెలుసు. కింద వాటాలో వాళ్ళు కూడా చెప్తారు. కానీ ఆ చప్పుడు లేకపోతే అంత బెంగెందుకు నీకు?"

"బెంగేం కాదు. అలవాటు."

"మరి మొహం ఎర్రబడిందేం?"

"షటిల్ తగిలింది కదా."

"తగిలింది ఎడమ చెంపకి. కుడిది ఎందుకు ఎర్రబడింది?"

పిచ్చుక రెండు చేతులతో మొహం కప్పుకుంది. వాపు మీద వేలు తగిలి అబ్బా అంది. ఆ అబ్బా తోపాటే మిగతాది కూడా బయటికొచ్చేసింది. మెట్లూ, వానా, గొడుగూ, ఇంకా చెప్పని జవాబూ.

"మా అన్నయ్యా?"

"ఊ."

"తడి తువ్వాలు నా మంచం మీద పడేసే మా అన్నయ్యా? బాత్రూంలో ఎక్కాలు పాడే మా అన్నయ్యా?"

"ఊ."

"కళ్ళు బాగానే ఉన్నాయా నీకు? షటిల్ ఇవాళే కదా తగిలింది!" అని విరగబడి నవ్వింది. నవ్వీ నవ్వీ ఒక్కసారిగా ఆగింది. "నాకెందుకు చెప్పలేదు?"

ఇదే పిచ్చుక భయపడ్డ ప్రశ్న. మంచం చివర కూర్చుని దుప్పటి కొస మెలిపెట్టింది.

"రేపు ఆయనకీ నాకూ పడకపోతే, నువ్వు ఆయన పక్కన ఉంటావు. ఉండాలి కూడా. అప్పుడు నా వెనక ఎవరుంటారు?"

నిచ్చెన ఆమె నెత్తి మీద ఒక్కటి మొట్టింది.

"పిచ్చి మొహమా. నేను మంచం మీద పడున్నప్పుడు వేరే జోడీతో ఆడమని మేడం ఎంత పోరింది! కాదని నా కోసం కూర్చున్నావు. అదొక్కటీ మర్చిపోతాననుకున్నావా? ముందే చెప్తున్నా, రాసిపెట్టుకో. మీ ఇద్దరూ కొట్టుకుంటే నేను నీ వైపు. తప్పు నీదైనా సరే. వాణ్ణి వేరే చెల్లెల్ని వెతుక్కోమను."

పిచ్చుక ముక్కు ఎగపీల్చింది.

"ఏడవకు, వాపు పెరుగుతుంది. లే, గోడవైపు తిరుగు."

"ఎందుకు?"

"నాకు గెంతడం కుదరదు, మోకాలుంది. కానీ నోరుంది కదా. సైగ చెయ్యి."

పిచ్చుక గోడవైపు తిరిగి, చెయ్యి వెనక్కి పెట్టి అరచెయ్యి విప్పింది.

"ఉన్నా!" అని అరిచింది నిచ్చెన.

పిచ్చుక ఉలిక్కిపడింది. మళ్ళీ వేలు చూపించింది.

"ఉన్నా!"

"ఎవరే ఉన్నది?" వంటింట్లోంచి వాళ్ళమ్మ కేక. "చుట్టాలొచ్చారా?"

"రాలేదమ్మా! వచ్చేలా ఉన్నారు!" అని నిచ్చెన పగలబడి నవ్వింది. పిచ్చుక దిండు తీసి ఆమె నోటికి అడ్డం పెట్టింది.

*

మర్నాడు మ్యాచ్‌లో మొదటి గేమ్ కవలలది. రెండోది వీళ్ళది. మూడోది తాడు లాగినట్టు అటొక పాయింటు, ఇటొక పాయింటు.

ఆఖర్న సర్వీస్ పిచ్చుకకి వచ్చింది. ఈ పాయింటు వస్తే గెలుపు. కన్ను కింద నల్లగా కమిలింది, చూపు మాత్రం స్పష్టంగానే ఉంది. కోర్టు పక్కన మాస్టారు కనిపించలేదు. నిచ్చెనే అతన్ని పై వరసలో, పైగా తను చూడని వైపు కూర్చోబెట్టిందని తర్వాత తెలిసింది.

చెయ్యి వెనక్కి పెట్టి అరచెయ్యి విప్పింది.

"ఉన్నా!"

హాలు ప్రతిధ్వనించింది. అవతల కవలల్లో ఒకమ్మాయి బెదిరి అంపైర్ వైపు చూసింది.

పిచ్చుక సర్వీస్ వేసి వల దగ్గరే నిలిచింది. కవలలు షటిల్‌ని ఆమె తల మీదుగా వెనక్కి పంపారు. మళ్ళీ పంపారు. మళ్ళీ. పిచ్చుక మెడ కదల్లేదు. వెనక షూ కీచుమంది, ఊపిరి వినిపించింది, చెవి పక్కనుంచి గాలి దూసుకుపోయింది. నిచ్చెన స్మాష్‌ని అవతలి పిల్ల ఎలాగో వల దాకా తెచ్చింది. అది వల మీద తలెత్తిందో లేదో, పిచ్చుక ఒక్క గెంతు గెంతి కిందికి నొక్కేసింది.

అప్పుడు తిరిగింది వెనక్కి. నిచ్చెన రెండు చేతులూ చాపి నిలబడి ఉంది. ఆ చేతుల్లోకి ఎగిరింది.

"మోకాలు!" అంది గాల్లో ఉండగా గుర్తొచ్చి.

"ఏం కాదు, నువ్వు పిచ్చుకవే కదా" అంది నిచ్చెన.

*

ఆ సాయంత్రం టీ తాగుతూ వాళ్ళమ్మ, ఎవరినీ ఉద్దేశించకుండా, "ఈ ఇంట్లో నాకు తప్ప అందరికీ అన్నీ తెలుసు" అంది.

"నేనేం చెప్పలేదు" అంది నిచ్చెన, చెప్పినట్టే.

"నువ్వు చెప్పాలా? పిన్నీ అని పిలవడం మానేసిన రోజే నాకు అనుమానం వచ్చింది. ఆ మర్నాడు వీడు ఎక్కాల బదులు పాటలు పాడాడు." కప్పు కింద పెట్టి పిచ్చుక వైపు తిరిగింది. "ఏవండీ, ఇదిగోండీ అని నన్ను చంపకు. అత్తయ్యా అను. మా వాడికి నువ్వు సరేనన్నా, అనకపోయినా సరే. ఆ పిలుపు నాకోసం."

మాస్టారు టీ మింగబోయి దగ్గాడు. పిచ్చుక కప్పు అంచు చుట్టూ వేలు తిప్పింది.

"అలాగే... అత్తయ్యా."

"ఇప్పుడు బాగుపడింది గొంతు" అంది ఆవిడ.

అతను మాత్రం ఏమీ అడగలేదు. సర్దుడూ, పాస్‌పోర్టులూ, మేడం ఫోన్లూ, ఆ హడావిడిలో ఇద్దరికీ మాట్లాడే సందు కూడా దొరకలేదు. టూర్‌కి బయల్దేరే రోజు వచ్చేసింది.

ఇంకా తెల్లవారలేదు. పిచ్చుక వంటింట్లోకి వెళ్ళేసరికి అతను కెటిల్ దగ్గర నిలబడి ఉన్నాడు. షటిళ్ళ డబ్బా ఆవిరి మీద నిలువుగా పట్టుకుని, బుగ్గ పొంగించి ఊపిరి బిగబట్టాడు. వదిలాడు. మూత బిగించి, కాలిన వేలు నోట్లో పెట్టుకున్నాడు.

"గుడ్డ పట్టుకోవాలి మాస్టారూ."

"నాకు చెప్పేవాళ్ళు లేరు కదా ఇప్పటిదాకా." డబ్బా ఆమె చేతికిచ్చాడు. ఇంకా వెచ్చగా ఉంది. "దారిలో మూత తీయకు."

ఆమె నోరు తెరిచింది. కింద టాక్సీ హారన్ మోగింది. అత్తయ్య నీళ్ళ సీసాలతో వచ్చింది. "వీసా పెట్టుకున్నావా? స్వెట్టర్?" అంటూ నిచ్చెన బ్యాగు జిప్పులు లాగింది. నిచ్చెన, "ఉన్నాయమ్మా, అన్నీ ఉన్నాయి" అని విసుక్కుంటూ మెట్లు దిగింది. చెప్పాల్సిన మాట ఇంతమంది మధ్య ఏ మూల నుంచీ బయటికి రాలేదు.

పిచ్చుక రాకెట్ల బ్యాగు భుజాన వేసుకుంది. డబ్బా కుడి చంకలో పెట్టుకుంది. గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగింది.

అతను వెనక ఎక్కడో, హాల్లో నిలబడి ఉన్నాడు. ఆమె తిరిగి చూడలేదు. ఖాళీగా ఉన్న ఎడమచేతిని మెల్లగా వీపు వెనక్కి తీసుకెళ్ళింది. వేలు కాదు, పిడికిలి కాదు. అరచెయ్యి మొత్తం విప్పింది.

ధప్‌మని నేల అదిరింది. బల్ల మీద గ్లాసు గలగలలాడింది.

ఆ చప్పుడు గచ్చులోంచి పాకి పాదాల్లోకి వచ్చింది. పిచ్చుక చెయ్యి ముందుకు తెచ్చుకుని మెట్లు దిగి వెళ్ళిపోయింది.